మద్దమ్మకు కట్టిన గ్రహం

వేదవతి వాళ్లన్న రంగనాథను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆదోని బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని, వేదవతి సైన్సు. మంత్రాలయం దగ్గరి పురోహితుల ఇంటి పిల్ల. ఇంటినిండా పంచాంగాలున్నా ఆమె ధ్యాసంతా టెలిస్కోపుల మీదే.

1988లో రేడియోలో ఒక వార్త విన్నది. ఏదో నక్షత్రాల జంటలో ఒకటి సన్నగా ఊగుతోందట. కంటికి కనబడని పెద్ద గ్రహం దాన్ని లాగుతోందేమోనని విదేశీ శాస్త్రజ్ఞుల అనుమానం. వేదవతికి కాలు నిలవలేదు. మర్నాడే తన క్లాసులోని కవలలు హనుమక్క, మద్దమ్మలను చేతులు పట్టుకుని గిర్రున తిరగమంది. మద్దమ్మ నడుముకు తాడుతో ఇసుకమూట కట్టింది. మూట లాగినప్పుడల్లా ఆ పిల్ల అడుగు తడబడింది.

"మూటను చూడొద్దు, మద్దమ్మ ఊగేది చూడండి. గ్రహాన్ని అట్లే పట్టుకుంటారు" అంది. అంత చక్కటి పాఠం నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రానికి పేటలో అది ఇంకోటైపోయింది. టీచరమ్మ మద్దమ్మకు గ్రహాన్ని కట్టిందట. పిల్లల తండ్రి బసవన్న జిన్నింగు మిల్లులో కూలి. బెదిరిపోయి, పేటలో పురోహితం చేసే రంగనాథ దగ్గరికి పరిగెత్తాడు. ఆ మహానుభావుడు అదంతా ఉత్తదేనని ఒక్క మాట అంటే సరిపోయేది. కవలలను విడదియ్యకపోతే గ్రహం ఇద్దరినీ పట్టుకుంటుందన్నాడు. బసవన్న మద్దమ్మను బడి మాన్పించి, ఆస్పరిలో చెల్లెలింటికి పత్తి ఏరడానికి పంపేశాడు.

వేదవతి అన్నను నిలదీసింది. నేను పక్కనే ఉన్నాను.

"కనిపెట్టినోళ్లే ఇంకా అనుమానమంటాండారు. నీకెట్ల తెలిసింది అన్నా?"

"కనపడకుండా లాగుతాదని చెప్పింది నువ్వే కదమ్మా" అన్నాడు, తాంబూలం నములుతూ. ఆ పళ్లు రాలగొట్టాలనిపించింది నాకు.

బసవన్న ఇంటికి పోయి బతిమాలాం.

"కట్టింది నువ్వే టీచరమ్మా, ఇప్పాల్సింది గూడ నువ్వే. సామి శాంతి సేసి, నువ్వు పీటమీద కూసుంటే పిల్లను పిల్సుకొస్తా" అన్నాడతను.

ఆ పిల్ల చదువు కోసం వేదవతి పళ్లు బిగబట్టి కూర్చుంది. ఎవరూ చూడని గ్రహానికి రంగనాథ మంత్రాలు చదువుతుంటే కలశం ముందు తల వంచుకుంది. నాకు ఏడుపొచ్చింది. సోమవారం మద్దమ్మ బడికొచ్చింది.

ఆ వారంలోనే ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాడు తన కవలలను వెంటబెట్టుకుని రంగనాథ గడపలో నిలబడ్డాడు.

"సైన్సు టీచరమ్మే కూసున్న శాంతి అంట గదా సామీ, మా పిల్లోల్లకూ అదే సెయ్యండి."