కుడికాలి కుట్టు

ఆపరేషనయ్యాక ఏడాదిపాటు నన్ను ఎవరు "నడుం ఎలా ఉంది?" అని అడిగినా నా దగ్గర ఒకటే జవాబుండేది. "ఫస్ట్ క్లాస్!"

అది అబద్ధం. నడుం మాట నిజమే, అది కుదుటపడింది. అబద్ధమంతా కుడికాల్లో ఉంది. పిరుదు దగ్గర మొదలై, తొడ వెనకగా దిగి, చిటికెనవేలి దాకా మంట. కాసేపు కరెంటు, కాసేపు కారం. పాదం అంచు మొద్దుబారిపోయి, ఎప్పుడూ తడి మేజోడు తొడుక్కున్నట్టే ఉండేది. "నలిగిన నరం కదా, మెల్లిగా కోలుకుంటుంది. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. కొంత అలాగే మిగిలిపోనూ వచ్చు" అని డాక్టరు చెప్పాడు. మా ఆవిడ అప్పుడు మందుల షాపు దగ్గరుంది. ఆ చివరి ముక్కని నేను ఆస్పత్రి లిఫ్టులోనే వదిలేసి ఇంటికొచ్చాను.

ఎందుకు దాచానంటే, అందరితోనూ పోట్లాడి చేయించుకున్న ఆపరేషన్ అది. "వెన్నుపూస జోలికి పోవద్దురా, మంచాన పడతావు" అని మా పెద్దన్నయ్య ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. మా అత్తగారు కాకినాడ నుంచి ఏదో తైలం సీసా పంపించారు. మేడ్చల్‌లో మా కాలనీ నిండా మాలాగే కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తులే. నా నడుం సంగతి తెలియగానే ప్రతి రెండో ఇంట్లోంచీ ఒక ఎముకల పండితుడు బయల్దేరాడు. నా నోరు మంచిది కాదు. "మీరంతా వైద్యం ఎప్పుడు చదివారండీ?" అని మొహమ్మీదే అడిగాను. అలా అడిగినవాడు ఆర్నెల్లు తిరిగాక కాలు మండుతోందని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? కింద పడ్డా పైచేయి నాదే కావాలి. అది నాకు చిన్నప్పటి జబ్బు, దానికి ఏ ఆస్పత్రిలోనూ ఆపరేషన్ లేదు.

దాచడం కూడా ఒక పనే. తుర్కపల్లిలో మందుల ల్యాబులో రికార్డులు సరిచూసే ఉద్యోగం నాది. వెనక కూర్చుంటే వాంతొస్తుందని చెప్పి కంపెనీ క్యాబులో ముందు సీటు పట్టేవాణ్ని. నిజానికి కాలు చాపుకోడానికి. ఒకరోజు క్యాబు దిగి గేటు దాకా నడిచాక డ్రైవరు వెనకనుంచి కేకేశాడు.

"సార్, మీ చెప్పు ఈడనే ఉన్నది!"

కుడికాలి చెప్పు జారిపోయిన సంగతి నాకు తెలియనే లేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఆదివారమే మడమకి పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కుని, వయసు తగ్గి కనబడతానని కొన్నానని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నమ్మింది. నా గురించి ఆవిడ అభిప్రాయం ముందునుంచీ అదే.

మెల్లిగా నేనొక ప్రదర్శన వస్తువునయ్యాను. నడుంనొప్పి ఉన్నవాళ్లు ఎవరెవరినో వెంటబెట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. టీ ఇచ్చి, డిస్కు అంటే ఏమిటో చేతులు తిప్పుతూ వివరించి, చివర్లో వంగి కాలివేళ్లు ముట్టుకుని చూపించేవాణ్ని. అలా వంగొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. వాళ్లు గడప దాటగానే తలుపేసి, సోఫా చేయి పట్టుకుని పళ్లు బిగించేవాణ్ని. సిగ్గుపడాల్సిన పని. నిజం చెప్పొద్దూ, అప్పుడు మాత్రం గర్వంగానే ఉండేది.

ఆ రోజుల్లోనే ప్యాంట్లు కుట్టించుకోడానికి టైలరు దగ్గరికెళ్లాను. మంచంమీదున్న రోజుల్లో చిక్కిపోయి పాతవన్నీ జారిపోతున్నాయి. గౌడవెల్లి వైపు వెళ్లే దారి మలుపులో ఒంటి షట్టరు కొట్టు ఆయనది. శామీర్‌పేట దగ్గర పల్లె నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం, కొట్టు వెనక గదిలోనే కాపురం. అందరూ ఆయన్ని మాస్టరంటారు. నేను వెళ్లేసరికి తొక్కుడు మిషన్ మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఆయన నిలబడి, తుంటి బల్లకి ఆనించి, బట్ట కత్తిరిస్తున్నాడు. నాకు కుర్చీ వేసి, నా కథంతా నిలబడే విన్నాడు. అరగంట పైనే మాట్లాడి ఉంటాను.

"పది నిమిషాలు కూసుంటే కాలు గుంజుతాంది సార్," అన్నాడు. "డాక్టరేమో ఆపరేషనే అంటుండు. ఈమె వద్దంటాంది. చేయించుకున్నోళ్లు మళ్ల లేస్తరా అని ఒకటే పరేషాన్."

ఆమె తొక్కడం ఆపేసింది. "మా ఇంట్ల అన్నం పెట్టేది ఈయన కాళ్లే సార్. అవి పోతే ఇగ మాకేం లేదు. మీ సొంత తమ్మునికి జెప్పినట్టు జెప్పుండ్రి" అంది.

సొంత తమ్ముడికి చెప్పినట్టు. అంత విప్పి అడిగింది ఆ తల్లి. నడుం తగ్గింది, కాలు ఇంకా మండుతోంది, ఈ రెండు ముక్కలూ చెబితే సరిపోయేది. నేను కుర్చీలోంచి లేచి, అక్కడే వంగి వేళ్లు ముట్టుకుని, "ఫస్ట్ క్లాస్! కళ్లు మూసుకుని చేయించుకోండి" అన్నాను.

ఆయన ఇంకేం అడక్కుండా మెళ్లోంచి టేపు తీశాడు. నడుం, సీటు, తొడ కొలిచాడు. తర్వాత బల్ల పట్టుకుని నెమ్మదిగా ఒక మోకాలి మీదికి దిగి, రెండు పిక్కల చుట్టూ టేపు తిప్పాడు. కుడిదానికి రెండుసార్లు తిప్పాడు. అంతకుముందు ఏ టైలరూ నా పిక్కలు కొలవలేదు. పనితనం ఉన్న మనిషి అనుకున్నాను.

"కాలుకేం లేదా సార్?" అన్నాడు కిందనుంచే, మెల్లిగా.

"కాలికేముంది? పరిగెత్తమంటే పరిగెత్తుతా!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు గట్టిగానే అన్నాను. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆయన భార్య "అల్లా దయ" అనుకుంటూ మళ్లీ మిషన్ తొక్కింది.

పదిరోజుల్లో ప్యాంట్లు వచ్చాయి, చక్కగా కుదిరాయి. మరో మూడు వారాలకి ఆ షట్టరు మూతపడింది. "మాస్టర్ దవాఖానల జేరిండు, నడుము ఆపరేషనంట" అని పక్క కిరాణా కొట్టాయన చెప్పాడు.

నాకు గుండెల్లో రాయి పడింది. రోజూ పొద్దున క్యాబు ఆ మలుపులోంచే వెళుతుంది. అక్కడికి రాగానే ఫోన్లోకి తల దూర్చేవాణ్ని. ఆ మనిషికి ఏదైనా జరిగితే ఆ పాపం నాది. చెప్పేద్దామని ఒక ఆదివారం అక్కడిదాకా వెళ్లాను కూడా. కిరాణా కొట్లో బిస్కెట్ పొట్లం కొనుక్కుని, షట్టరు వైపు చూడకుండా వెనక్కొచ్చాను. అబద్ధం చెప్పినందుకంటే ఆ బిస్కెట్లకే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

నెల తిరక్కుండానే షట్టరు లేచింది. ఆయన మిషన్ మీద కూర్చుని కనబడ్డాడు. నిజంగానే కూర్చుని, తొక్కుతూ! క్యాబు మలుపులో నెమ్మదించినప్పుడు నన్ను చూసి చెయ్యెత్తి, "సార్, ఫస్ట్ క్లాస్!" అని అరిచాడు. క్యాబులో అందరూ నావైపు మెచ్చుకోలుగా చూశారు. నా ప్రాణం లేచొచ్చింది. కానీ తుర్కపల్లి చేరేలోగానే ఆ సంతోషం పులిసిపోయింది. నెల్లాళ్లకే! నాకు పది నెలలు దాటినా దుప్పటి తగిలితే కాలు భగ్గుమంటోంది, ఈయనకి నెల్లాళ్లకే! నా మాట నమ్మి కత్తి కింద పడుకున్న మనిషి బాగుపడితే నాకు కడుపు మండింది. అంతకి దిగజారాను.

ఇదంతా లోపల ఉడుకుతుండగా, మా ఇస్త్రీ అతను ఊరెళ్లడంతో ఒకరోజు మా ఆవిడే నా ప్యాంటు ఇస్త్రీ చేయడానికి కూర్చుంది.

"ఏమండీ, ఈ ప్యాంటు చూశారా? కాలు మీద కాలు కూర్చోవడం లేదు. కుడిది మోకాలి కిందనుంచి సన్నగా కుట్టేశాడు."

రెండోది తీసి చూస్తే అదీ అంతే. ఒకటైతే పొరపాటు, రెండూ అలాగే ఉంటే నిర్లక్ష్యం. చెబితే నవ్వుతారు, నాకు లోపల్లోపల ఆనందంగా ఉంది. ఆయనలో తప్పు దొరికింది. రెండు ప్యాంట్లూ సంచీలో కుక్కుకుని బయల్దేరాను.

కొట్లో ఇద్దరు గిరాకీలున్నారు. ఆయన మిషన్ మీద ఉన్నాడు, భార్య పక్కన గుండీలు కుడుతోంది. గుమ్మంలోంచే మొదలుపెట్టాను.

"ఏం మాస్టరూ, ఇప్పుడు కళ్లకి కూడా ఆపరేషన్ చేయించాలా? రెండు కాళ్లు ఒకేలా కుట్టడం రాదా మీకు?"

ఆయన వెంటనే లేవలేదు. మిషన్ కిందికి చెయ్యి పెట్టి దేనికోసమో కాసేపు తడుముకుని, అప్పుడు లేచాడు. ప్యాంటు అందుకుని చూసి, "గల్తీ అయింది సార్. సరిజేసిస్త" అన్నాడు.

"ఆయన చేతిల గల్తీ ఎన్నడు కాలే!" అంది భార్య, రోషంగా.

"నువ్వు పొయి సార్‌కు మంచినీళ్లు తే" అని ఆయన ఆమెని లోపలికి పంపించాడు. నా గొంతు విని కాబోలు, గిరాకీలిద్దరూ మళ్లీ వస్తామని జారుకున్నారు. అప్పుడు ఆయన తన పుస్తకం తెరిచి నా కొలతల పేజీ చూపించాడు.

"కుడి పిక్క అంగుళం తక్కువుండె సార్. కండ ఎండింది. రెండు సమానం కుడితే గా కాలుకు బట్ట ఊగుతది, నడుస్తుంటే అందరికి కనబడ్తది. మీరు కనబడొద్దనుకుంటున్నరు గదా అని లోపలి కుట్టు జర పట్టిన."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డంలేదనుకుంటుందట. నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా నా అబద్ధానికి అంగుళం కుట్టు పట్టిన మనిషి మీద, నలుగురి ముందూ అరిచాను. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది.

"తెలిసీ మరి ఎందుకు చేయించుకున్నారు?" అన్నాను.

"మీరు అరగంట కుర్చీల కూసొని మాట్లాడిన్రు సార్. నాకు గా అరగంట సాలు. కాలు ఎండినా సరే, కూసుంటే మిషన్ నడుస్తది అనుకున్న. ఉన్నదున్నట్టు జెప్తే ఈమె ఒప్పుకోకపోతుండె. మీ మాటకు ఒప్పుకున్నది."

"ఇప్పుడు మీకు కాలు ఎలా ఉంది?"

ఆయన లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "మంట ఉన్నది సార్, మీ లెక్కనే. పాదం మొద్దు. డాక్టర్ మూడు నెలలు తొక్కొద్దన్నడు."

"మరి తొక్కుతున్నారే!"

"ఫస్ట్ క్లాస్ అన్న గదా. అన్నంక తొక్కక ఏం జేస్త?" అని నవ్వాడు.

నేను మిషన్ కిందికి చూశాను. పెడల్‌కి ఒక గుడ్డపీలిక కట్టి, ఉచ్చులా వదిలేసి ఉంది. మొద్దుబారిన పాదం జారకుండా దాన్ని పెడల్‌కి కట్టుకుని తొక్కుతున్నాడు. లేవడానికి ఇందాక తడుముకున్నది ఆ ముడి కోసమే. నా చెప్పుల పట్టీ మడమకి గుచ్చుకున్నట్టయింది.

ఆమె గ్లాసుతో వచ్చింది. కోపం ఇంకా మొహంలోనే ఉంది, అయినా మర్యాద తప్పలేదు.

"తాగుండ్రి సార్. నడుము మంచిగున్నదా?"

ఆయన నన్నే చూస్తున్నాడు. చెప్పొద్దని కళ్లతోనే బతిమాలుతున్నాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. గ్లాసు బల్లమీద పెట్టేశాను.

"నడుం బాగుందమ్మా. కాలే, మొదటినుంచీ మండుతోంది, పాదం స్పర్శ లేదు. డాక్టరు వద్దన్న పనులన్నీ చేసి ఇంకా పాడుచేసుకున్నాను. తమ్ముడికి చెప్పినట్టు చెప్పమన్నారు. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

ఆమె నా చెప్పుల పట్టీని చూసింది. తర్వాత మిషన్ కింద పెడల్‌కున్న పీలికని చూసింది. వాళ్లిద్దరూ తమలో తాము ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. ఆమె మాత్రం అప్పుడు, నేనూ వినాలని కాబోలు, తెలుగులో అడిగింది.

"మరి నీ కాలు?"

ఆయన ఫస్ట్ క్లాస్ అనలేదు.