మామ ఒక్కడే పోసుకున్న నీళ్లు

తుంటి విరిగినప్పటి నుంచి రాచర్ల కాటమరాజుకు కొడుకే స్నానం చేయిస్తున్నాడు. ఒక్క కేకతో గొర్రెల మందను మళ్లించే మనిషికి అది పెద్ద నామోషీ. అందుకే తాపీ పని చేసే కొడుకు రమేష్, చక్రాల కుర్చీ నేరుగా పోయేలా గడప లేని స్నానాల గది కట్టి, చేతికందేలా షవరు బిగించాడు.

మొదటిరోజు కాటమరాజు ఒక్కడే పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి లోపల నుంచి, “ఊరికే ఎగరమాక, చెవులు కడగాల,” అని వినిపించింది.

కోడలు రేణుక కంగారుపడింది. “ఎవురితో మామా మాటలు?”

తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకున్న మామ ఒడిలో తడిసిన మేకపిల్ల.

“గడప లేదు గదా, నా ఎనకాలే వచ్చినాది,” అన్నాడు దర్జాగా. “నేనే పోసుకున్నా. దీనికీ నేనే పోసినా. రేపట్నించి మీ ఆయన్ని ఆయన పని చూసుకోమను.”