అక్క కొరకని మూత

మా పక్క ఫ్లాట్ అక్క పోయిందన్న కబురు, కంపెనీ బస్సులో సోహార్ ప్లాంటుకు వెళ్తుండగా తెలిసింది. డ్యూటీ దిగి వచ్చి పడుకున్న మనిషి ఇక లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. ఆ వారం ఆమెకు చూపించాల్సిన కొత్త మూత అప్పుడు నా బ్యాగులోనే ఉంది. ఉన్నమాట చెబుతున్నాను, నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది.

నేను ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో సీసాల మూతలు డిజైన్ చేస్తాను. సీసా నొక్కితే ఖర్జూరపు పాకం ధారగా రావాలి, వదలగానే చుక్క కారకుండా ఆగిపోవాలి. ఆపే పని మూత లోపలుండే మెత్తటి రబ్బరు బిళ్లది. చొక్కా గుండీ అంత ఉంటుంది.

అక్కది కాకినాడ వైపు. ఈ ఎడారి దేశంలో పిల్లల వార్డులో నర్సు. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చి నుంచి రాగానే నా తలుపు కొట్టి, "ఏదీ తమ్ముడూ, ఈ వారం మూత? పళ్లు తోముకునే వచ్చాను" అనేది. వాళ్ల వంటింట్లో మూతను మరిగే నీళ్లలో వేసి, కూర ఉడికేదాకా వదిలేసేది. ఆపైన తీసి తుడిచి, దవడ పళ్ల మధ్య పెట్టుకుని కొరికి లాగేది. మా ల్యాబులో లాగే యంత్రం ఉందక్కా అంటే ఒప్పుకునేది కాదు.

"మీ యంత్రానికి పళ్లొస్తన్నాయా? చిగుళ్లు దురదెడుతున్నాయా? పిల్లలు చేత్తో తియ్యరు నాయనా, నోటితో తీస్తారు."

ఒకసారి బిళ్ల ఊడి ఆమె నాలుక మీదికి వచ్చేసింది. ల్యాబులో మేం కొత్తవి, పొడిగా ఉన్నవే లాగి చూసేవాళ్లం. ఇళ్లలో మూతల్ని కాగే నీళ్లలో కడుగుతారన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఆమె బిళ్లను అరచేతిలో వేసుకుని వేలి కొనతో అటూ ఇటూ దొర్లించింది.

"ఇది పిల్లాడి గొంతుకి అడ్డంపడితే వాళ్లమ్మ తెచ్చి నా చేతుల్లోనే పెడద్ది. అప్పుడు నేనేం చెయ్యను, చెప్పు?"

బిళ్ల ఊడకుండా పైన ఒక రింగు పెట్టాలని మళ్లీ గీయడం మొదలుపెట్టాను. "ఔర్ కిత్నా టైమ్, భాయ్?" అంటూ, ఇంకెంత కాలం పడుతుందని మేనేజరు రోజూ సతాయించేవాడు. నాకు భయంగా ఉందని అక్కతో అన్నాను.

"ఉండాలి. భయం లేనోడు పిల్లల వస్తువు ముట్టుకోకూడదు" అంటూ చేపల పులుసు వడ్డించింది. నా భయాన్ని ఆమె ఎన్నడూ కొట్టిపారేయలేదు. పక్కన కూర్చుని తనూ భయపడేది. పరాయి దేశంలో ఆ మాత్రం తోడు దొరకడం నా అదృష్టం.

నా బ్యాగులో మిగిలిపోయిన ఆ రింగు మూతను అక్క కొరకలేదు. నేనే మరిగించి, దవడ నొప్పి పుట్టేదాకా కొరికి లాగాను. బిళ్ల కదల్లేదు. అయినా మూత బాగుందని సంతకం పెట్టే ముందు ఇంకొకటి మరిగించి కొరికాను. ఆమె పళ్లను నమ్మినట్టు నా పళ్లను నమ్మలేను.

మొన్న సూపర్‌మార్కెట్లో, ట్రాలీలో కూర్చున్న ఒక చంటివాడు మా సీసా మూత నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. తల్లి పప్పు ప్యాకెట్లు చూసుకుంటోంది. నేను అటు అడుగేశాను. అంతలో ఆమె ఇటు తిరిగి సీసా లాక్కుంది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. గొంతుకి ఏ అడ్డూ లేకుండా, గుక్క తిప్పుకుంటూ, అంగడంతా వినబడేలా ఏడ్చాడు. అందరూ చెవులు మూసుకుంటుంటే నేను ఆ ఏడుపు ఆగేదాకా అక్కడే నిలబడి విన్నాను.