చర్చి ఆవరణలో తీసిన గ్రామసభ ఫోటో

స్తోత్రం. హృదయాలను ఎరిగిన దేవునికి, నా తప్పు తెలిసి కూడా నాకు ఇన్నాళ్లూ ఊపిరి పోసిన తండ్రికి స్తోత్రం. ఆయనను స్తుతించే అర్హత ఈ నోటికి ఉందా? లేదు. అయినా ఇంకెక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు.

నాలుగేళ్లుగా ఒక ఫోటో నా గుండెల మీద బరువై కూర్చుంది. దాచిపెట్టింది కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంది. ఎవరైనా తెరిచి చూడవచ్చు. చూసినవారికి అందులో తప్పేమీ కనిపించదు. మీకు మాత్రం చెబుతాను.

ముదినేపల్లి దాటాక కొల్లేరు వైపున్న ఒక ఊరి సచివాలయంలో నేను కంప్యూటర్ పని చూస్తాను. ఆదివారాలు మా సంఘంలో పిల్లలకు వాక్యం చెబుతాను. ఆ ఏడాది వరిచేల మధ్య రొయ్యల చెరువులు తవ్వుకుంటామని కొందరు ఆసాములు దరఖాస్తు పెట్టారు. దాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. వద్దన్నవాళ్ల మాట రాసుకోవాలి. వచ్చిన జనాన్ని అప్పటికప్పుడు యాప్‌లో ఫోటో తీసి పెట్టాలి.

సభ జరగలేదు. చాటింపు వేయించవలసింది నేనే, వేయించలేదు. ఆన్‌లైన్‌లో నోటీసు పెట్టాను కదా, చూసుకుంటారులే అనుకున్నాను. ఎవరు చూస్తారు? నాట్లు వేసే ఆడవాళ్లు చూస్తారా? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు.

ఆఖరి తేదీ ఆదివారం వచ్చింది. ఆ రోజు చర్చిలో కోతల కృతజ్ఞతా ఆరాధన. చర్చికీ సచివాలయానికీ మధ్య ఒక్క ప్రహరీ గోడే అడ్డం. షామియానా కింద సగం ఊరు కూర్చుంది. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్లు మూసుకుని చేతులెత్తారు. నేను కళ్లు మూసుకోలేదు. ఇంతమంది మళ్లీ ఎప్పుడు దొరుకుతారు అనుకున్నాను. ఫోన్ తీశాను.

యాప్ చోటు చూసుకుంది, తేదీ చూసుకుంది, ఒప్పుకుంది. అభ్యంతరాలు అన్న గడిలో ‘లేవు’ అని కొట్టాను. ఆ వేలితో అది కొట్టి, అందరితో కలిసి ఆమేన్ అన్నాను.

కరుణమ్మ గారు మా సంఘంలో పెద్దావిడ, భర్త లేరు. ఆమెకున్న ఎకరం చేను ఆ చెరువులకు ఆనుకునే ఉంది. మట్టి తవ్వే మిషను వచ్చిన రోజే ఆమెకు సంగతి తెలిసింది. అర్జీ రాయించుకుని, సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే ఏలూరు కలెక్టరాఫీసుకు బయలుదేరారు. రికార్డు పట్టుకుని నన్నూ రమ్మని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇద్దరం ఒకే బస్సు ఎక్కాం. నేను చేసింది ఆమెకు తెలియదు. కిటికీ పక్క సీటు నాకే ఇచ్చారు.

అధికారి కంప్యూటర్‌లో ఫోటో తెరిచి తెర ఆమె వైపు తిప్పారు.

“రెండో వరసలో ఉన్నది మీరే కదమ్మా?”

“నేనేనండి.”

“మరి చెయ్యెత్తారు కదా. ఒప్పుకున్నట్టేగా?”

“అది దేవుడికెత్తిన చెయ్యండి. చెరువులకి కాదండి.”

మా వెనక అర్జీలతో కూర్చున్నవాళ్లలో ఎవరో, “దేవుడు కూడా రొయ్యలే వేసుకోమన్నాడేమోనే మామ్మా!” అన్నాడు. గది నవ్వింది. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగారు.

“బాబూ, ఆ రోజు నువ్వూ అక్కడే ఉన్నావు కదయ్యా. నువ్వు చెప్పు.”

అధికారి కూడా నన్నే చూశారు. “ఏమయ్యా, ఇది గ్రామసభేనా?”

“గ్రామసభేనండి,” అన్నాను.

ఆమె అర్జీ మడిచి సంచిలో పెట్టుకున్నారు. తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చున్నారు. మా ఊరు వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? నలుగురిలో సిగ్గుపడాల్సి వస్తుందనా? తప్పు యంత్రం మీదకు నెట్టి నాకు నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ దానికి తెలిసింది చోటు, తేదీ. ఆ చేతులు ఎవరి కోసం లేచాయో దానికెలా తెలుస్తుంది? అది చెప్పడానికే అక్కడ ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషిని నేను. ఆమె చెప్పింది నిజమని ఆ గదిలో ఆమె కాక ఎరిగినవాణ్ని నేనొక్కణ్నే, ఆ నోటితోనే ఆమెను అబద్ధాలకోరును చేశాను.

రెండు పంటలు తిరిగేసరికి ఉప్పు ఊట దిగి ఆమె చేను పాడైంది. నారు ఎర్రబడి కుళ్లిపోయింది. చివరికి ఆ ఎకరమూ చెరువులో కలిసిపోయింది. ఇప్పుడామె తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుతున్నారు. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాను.

పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పేటప్పుడు, అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న తొమ్మిదోది గబగబా దాటేస్తాను. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల ఉన్న ఆదివారం మైకు సరిచేసే నెపంతో బయటికి వెళ్లిపోతాను. దేవునితో ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. ఆయనకు ముందే తెలుసు. మనిషితో ఒప్పుకోవడం ఇదే మొదలు. నాకు క్షమాపణ దొరికిందని కాదు. దొరకదేమో. కానీ ఈ నాలుగు ముక్కలు రాశాక ఛాతీలో ఏదో కాస్త వదులైంది.

నాతో కలిసి ప్రార్థించండి. నా క్షమాపణ కోసం వద్దు. తండ్రీ, సోమవారం ఆ గదికి నన్ను నడిపించు. ఉద్యోగం పోతే పోనివ్వు. కరుణమ్మ గారు నా ముఖం చూడనంటే ఆమె మీద నాకు కోపం రానివ్వకు. ఆమె చెప్పిందే నిజమండి అన్న మాట అందరికీ వినిపించేలా చెప్పనివ్వు.