ఆకు ముందు పెట్టిన క్యాసెట్

తమ్ముడు డెత్ మెటల్ అనే, గొంతు చించుకుని అరిచే సంగీతం వాయించే ఒక బృందంలో పాడేవాడు. తొంభైల చివర్లో, హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూనే, మరికొందరితో కలిసి బెంగళూరులో ఒక ఆల్బం రికార్డు చేశాడు. క్యాసెట్ తెచ్చి మత్తిగిరిలో మా వీధి వాళ్లకు వినిపించి, ఎలా ఉందని అడిగేవాడు. వాళ్లు చెప్పింది ఇంటికొచ్చి మాకు నటించి చూపేవాడు. పాలు పోసే ఆమె, "ఎద్దును కట్టేసేది మరిచినారా?" అన్నదట. నన్ను అడిగితే ఒక్క మాటా అర్థం కాలేదన్నాను.

"అర్థమైతే నన్ను ఇంట్లో ఉండనీవులేక్కా," అన్నాడు.

అమ్మను అడిగితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ అరుపులు ఆమె వినలేదు, వినలేదు గనుక అభిప్రాయమూ చెప్పలేదు. కొన్నాళ్లకు వాడు రోజూ పొద్దున మిరియాల కషాయం కాచి ఇమ్మని ఆమెను అడగడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ దుమ్ముకేమో అనుకున్నాం.

ఆ రోజుల్లోనే, కృష్ణగిరి నుంచి వస్తూ గురుబరపల్లి దగ్గర ఆగి ఉన్న లారీని బైకుతో గుద్దాడు. అక్కడే పోయాడు.

పరామర్శకు వచ్చిన బంధువు ఒకాయన క్యాసెట్ అట్ట మీద పుర్రె బొమ్మ చూశాడు. ఇంగ్లీషు వచ్చినవాడు గనుక పాటల పేర్లూ చదివాడు. అన్నీ చావు గురించే. చివరి పాట సగంలో తెగిపోతుందని వీధిలో ఎవరో చెప్పారు. రెండూ కలిసి, వాడు చావును పిలుచుకున్నాడనే మాట పుట్టింది. ఆ మాట విని అమ్మ క్యాసెట్ తీసుకెళ్లి పెట్టె అడుగున చీరల కింద దాచింది. అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయేది. వాడు కావాలనే గుద్దాడేమోనని ఆమె అనుమానం. నాదీ అదే. ఇద్దరం పైకి అనలేదు.

కృష్ణగిరి అవతలి పోచంపల్లి నుంచి పెదనాన్న వచ్చి దినం జరిపించాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆ రోజు ఆకులో పెట్టాలి. ఏదైనా మరిస్తే ప్రాణం ఇంటి చుట్టే తిరుగుతుందని మావాళ్ల నమ్మకం. సంగటి, మటన్ పులుసు, బస్టాండు బోండా, ఒక సిగరెట్ పెట్టారు.

"ఇంకేమన్నా మరిచినామా?" అన్నాడు పెదనాన్న.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న కుర్రవాడు, తమ్ముడి బృందంలో డ్రమ్స్ వాయించేవాడు, నెమ్మదిగా అన్నాడు: "క్యాసెట్టు ఉందప్పా."

అమ్మ నా వైపు చూసింది. లేచి, పెట్టె తెరిచి, క్యాసెట్ తెచ్చి ఆకు ముందు పెట్టింది.

పెదనాన్న ఒప్పుకోలేదు. "సంగటి పెడితే తింటాడు. దీన్ని ఊరికే పెడితే ఏం చేసుకుంటాడు? ఆడించండప్పా."

టేప్ రికార్డర్ తెచ్చాను. గిటార్లు, డ్రమ్స్, ఆ తర్వాత తమ్ముడి గొంతు. పూజ మధ్యలో గనుక ఎవరూ బయటికి పోలేకపోయారు.

"ఇది మావోడేనా?" పెదనాన్న అడిగాడు.

"వాడేనప్పా," అన్నాడు డ్రమ్స్ కుర్రవాడు.

"జలుబు చేసిండెనా?"

"లేదప్పా. అట్లనే పాడాల."

"అంత కోపం ఎవురి మీదంట?" అంది మా అత్త.

"ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మీదేమోలే," అన్నాడు పెదనాన్న.

మేనమామ డ్రమ్స్ కుర్రవాడిని ఎగాదిగా చూశాడు. "కొట్టేది నువ్వేనా? జాతరలో ఇట్ల కొడితే పల్లకి మోసేటోళ్లు ఉరకాల్సిందేనప్పా."

ఎవరో నవ్వారు. ఆపుకోబోయి ఇంకొకరూ నవ్వారు. దినం ఇంట్లో నవ్వవచ్చో లేదో తెలియక అందరూ పెదనాన్న వైపు చూశారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

చివరి పాట వచ్చింది. సగంలో తెగింది. నవ్వులు ఆగాయి.

అమ్మ డ్రమ్స్ కుర్రవాడి వైపు తిరిగింది. "నిజం చెప్పు నాయనా. పోయేది తెలిసేనా వాడు ఆడ నిలిపేసింది?"

ప్రశ్న అర్థం కావడానికి అతనికి కొంచెం సమయం పట్టింది.

"అయ్యో, దగ్గమ్మా! ఆడికొచ్చేసరికి వానికి దగ్గొచ్చేసింది. ఎన్నితూర్లు పాడినా అదే. స్టూడియో టైమైపోయిందని అంతవరకే కోసేసినాం. అదొక్కటి మళ్లీ పాడాలని ఈ నెలాఖరుకు స్టూడియో చెప్పిపెట్టినాం. గొంతు సరి చేసుకుంటా ఉండానన్నాడు. దినమూ మీరు కషాయం కాచిస్తారంట కదా?"

వాడు చనిపోయిన రోజు పొద్దున కూడా కషాయం అడిగి తాగాడు.

"ఘాటు చాల్లేదని నాతో పోట్లాడినాడప్పా," అంది అమ్మ. "ఇంకొన్ని మిరియాలు దంచి వేయించుకున్నాడు." డ్రమ్స్ కుర్రవాడికి చెబుతున్నా, ఆమె చూపు మాత్రం పుర్రె బొమ్మ చూసిన బంధువు మీద ఉంది.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాడు లేడు, అది మారలేదు. కానీ పోవాలనుకోలేదు. నెలాఖరుకు వాడికి పని ఉంది.

భోజనాల దగ్గర అమ్మ సంగటి రెండోసారి పెట్టించుకుంది. తింటూ, వాడు అన్నిసార్లు అడిగినా చెప్పనిది ఇప్పుడు చెప్పింది.

"ఆ కడా పాట, సగంలో తెగిపోయేది, బాగలేదు. దగ్గు పెట్టుకోని ఎవురన్నా పాడతారా?"

డ్రమ్స్ కుర్రవాడు పులుసు పోసుకుంటూ తలాడించాడు. "వాడూ అదే అనెనమ్మా."