డెబోరా పెనాక్ సాక్ష్యం

అమెరికాలో ఫిలడెల్ఫియాకు పడమటి పల్లెల్లో ఉండే క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు కోర్టుకు వెళ్లినా బైబిలు మీద చెయ్యి వేసేవారు కారు. ఎప్పుడూ నిజమే చెప్పేవాళ్లకు ఒట్టుతో పనేమిటనేవారు. జడ్జీలు కూడా వాళ్ల నోటిమాటను నమ్మేవారు. ఆ జడ్జీలనైనా సరే, వాళ్లు నువ్వు అనే పిలిచేవారు.

డెబోరా పెనాక్ ఆ మనుషుల్లో మనిషి. పెళ్లి ఊసు లేకుండా పరాయి ఇళ్లలో రోగులకు సేవ చేస్తూ నడివయసుకు వచ్చింది. చివరికి ఉక్కు కార్ఖానాల యజమానురాలు విట్‌లాక్ ముసలమ్మ దగ్గర కుదిరింది. ముసలమ్మ మేనల్లుడు ఆర్నల్డ్, అత్తను పలకరించే నెపంతో వచ్చి డెబోరా దగ్గరే కూర్చునేవాడు. ఆమెను పగలబడి నవ్వించిన మొదటి మగవాడు అతనే. పెళ్లి చేసుకుందామన్నాడు. సరేనంది.

ముసలమ్మ పోయింది. ఆస్తిని కార్మికుల ఆసుపత్రికి రాసిన పాత వీలునామా ఉండగానే, అంతా ఆర్నల్డ్‌కేనంటూ కొత్తది బయటికొచ్చింది. ఆసుపత్రివాళ్లు కోర్టుకెక్కారు. సంతకం వేళ ముసలమ్మ, ఆర్నల్డ్ ఉన్న గదిలోకి సూపు గిన్నెతో వెళ్లింది డెబోరా ఒక్కతే.

"అత్తయ్య తనంతట తానే సంతకం పెట్టిందని చెప్పు, చాలు," అన్నాడు ఆర్నల్డ్.

"నేను చూసింది అది కాదుగా."

"నువ్వేమైనా దేవుడి మీద ఒట్టేస్తున్నావా? మీవాళ్లకు ఆ బాధే లేదు. ఒట్టే లేనప్పుడు ఇంక పాపమెక్కడిది?"

డెబోరా అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు.

"మా గురించి ఇన్నాళ్లూ నీకు అర్థమైంది ఇదా, ఆర్నల్డ్?"

"నన్ను వీధిలో నిలబెడతావన్నమాట. నేనంటే ఇష్టం లేదా?"

"ఉంది. అందుకే ఇంత కష్టంగా ఉంది."

విచారణ రోజున అన్న ఏమోస్ బండి కట్టాడు.

"మేడ వదులుకుని మళ్లీ మా వంటింట్లో పడతావా ఏం? మీ వదిన అప్పుడే మంచి దుప్పట్లు దాచేస్తోంది."

"దాచుకోనీ అన్నయ్యా. నువ్వు ముందు బండి తోలు."

కోర్టులో ఆసుపత్రి వకీలు అడిగాడు: "కలం ఎవరి చేతిలో ఉంది?"

"ఆమె చేతిలోనే."

ఆర్నల్డ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆమె చెయ్యి?"

"ఆర్నల్డ్ గుప్పిట్లో. ఆమెకు స్పృహ లేదు."

హాలంతా గుసగుసలు. జడ్జి కళ్లద్దాలు తీశాడు. "అమ్మా, ఈయన నీకు కాబోయే భర్త అంటున్నారు. నిజమేనా?"

"అడిగాడు, ఒప్పుకున్నాను. అదీ నిజమే. ఇప్పుడేమంటాడో నువ్వే అడుగు."

అందరూ అటు తిరిగారు. ఆర్నల్డ్ టోపీ తీసుకుని లేచాడు. అతని వెనక తలుపు మూసుకుంది.

డెబోరా కాసేపు ఆ తలుపు వైపే చూసింది. తర్వాత వకీలు వైపు తిరిగింది.

"ఇంకేం అడగాలి? అడుగు."