డొక్క నొప్పికి కాలు కుంటడం

నిజమైన నొప్పి వచ్చేనాటికి నా మాటకు విలువ పూర్తిగా పోయింది. తప్పు నాదే. గోదావరిఖనిలో పాతికేళ్లుగా బొగ్గు బాయి దిగుతున్నాను. ఎవరి పెళ్లికైనా లీవు దొరకకపోతే, నడుం పట్టుకుని కుంటుకుంటూ దవాఖానకు పోయి సిక్ లీవు రాయించుకునేవాణ్ని. నా కుంటుడు చూసి నేర్చుకుపోయిన వాళ్లు కూడా ఉన్నారు. మా ఆవిడ మాత్రం తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే "ఇగ చాలు, మామూలుగ నడువు" అనేది.

పోయినేడు కుడి డొక్క మీద నీటి పొక్కులతో సర్పి లేచింది. కుండలు చేసే అవ్వ, అది పారిపోతుందని, ఎర్రటి జాజుమట్టితో దాని మీద సింహం బొమ్మ గీసింది. డాక్టరు మాత్రలు రాశాడు. ఎవరి గొప్పో తెలియదు కానీ పుండ్లు మానాయి, నొప్పి మానలేదు. ఫ్యాను గాలి తగిలినా భగ్గుమనేది. చొక్కా లేకుండా డ్యూటీకి పోలేను, చొక్కా తొడిగి బతకలేను. చూడబోతే చర్మం మీద మచ్చ కూడా సరిగ్గా లేదు.

"ఏమున్నదని మూలుగుతున్నవ్? మల్ల ఎవల పెండ్లి ఉన్నది?" అంది మా ఆవిడ. ఆ మాట సర్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

పక్క క్వార్టర్‌లో ఉండే మా కాకకైతే సంతోషమే. మనిషి ఇక పనికి రాడని 'అన్‌ఫిట్' రాయించుకుంటే, ఆ ఉద్యోగం పిల్లలకు వస్తుందని మా దగ్గర అందరికీ ఆశ. "అన్‌ఫిట్ కోసమేనా? మంచి పని చేసినవ్. కని గిట్ల ఉత్తగ కూసుంటే ఎవలు నమ్ముతరు? జెర కుంటు" అన్నాడు. నాకు అన్‌ఫిట్ వద్దు మొర్రో అంటే కన్నుకొట్టాడు.

మా ఆవిడ నమ్మితే చాలనుకుని, ఆమెనే వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. భయానికో, అలవాటుకో, గది గుమ్మం దాటగానే కాలు దానంతటదే కుంటడం మొదలుపెట్టింది.

"నొప్పి ఎక్కడ?"

"డొక్కల సార్."

"మరి కాలెందుకు ఈడుస్తున్నవ్?"

నేను చటుక్కున కాలు సరిచేసుకున్నాను. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు కాస్త దూది తీసి నా కుడి డొక్క మీద అలా తాకించాడు. నేను పెట్టిన కేకకు బయట వరసలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"గీ దూదికే గంత ఒర్రుడా?" అంది మా ఆవిడ.

"నాటకం కాదమ్మా. సర్పి నరాన్ని దెబ్బతీసింది. దాన్ని తరమనీకి ఒంట్లో రక్షణ కణాలు వచ్చినయి. పని అయిపోయినా పోకుండ, ఆపద ఆపద అని రసాయనాలతోటి కబుర్లు పంపుతనే ఉన్నయి. వినీ వినీ నరం బెదిరింది. దూది తాకినా నిప్పు అనుకుంటది."

"అంటే ఒర్రేది ఈయన కాదు, లోపలున్నోళ్లా?"

"అంతే."

"ఆ సైరన్ బంద్ చేసేటోడు లేడా సార్?"

"మందులిస్త. నిదానంగ తగ్గుతది."

మర్నాడు మా ఆవిడ నా నాలుగు డ్యూటీ చొక్కాలకూ, గుడ్డ డొక్కకు తగలకుండా చపాతీ అంత కంతలు కత్తిరించి, అంచులు కుట్టి ఇచ్చింది. "తొడుగు. ఇగ తాకది" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

కంతలన్నీ ఎడమవైపు ఉన్నాయి.

పళ్లు బిగబట్టి చొక్కా తొడుక్కున్నాను.

"ఎట్లున్నది?" అని అడిగింది.

"మంచిగున్నది" అన్నాను. నమ్మింది.